ఆదివారం సీసాలు

కట్టకు అరవై ఆరేళ్లు.
ఓర్విల్ స్టెనెరూడ్ దానికన్నా తొమ్మిదేళ్లు పెద్ద.
విస్కాన్సిన్ కొండల మధ్య ఇరుకు లోయకు అడ్డంగా
వాళ్ల నాన్న అద్దె బుల్డోజర్‌తో
పదమూడు రోజుల్లో పోసిన మట్టి.
పొలం తడపడానికి కాదు, మర తిప్పడానికీ కాదు.
ఎండాకాలం పిల్లలు దూకడానికి,
గాలానికి నాలుగు చేపలు తగలడానికి,
సాయంత్రం తెప్ప మీద కాళ్లు చాపుకొని
మా చెరువు అనుకోవడానికి.

పదేళ్లకోసారి రావలసిన ఇన్‌స్పెక్టర్‌ని నేను.
ఈసారి పన్నెండేళ్లకు వచ్చాను.

కట్ట మీద పోప్లార్ చెట్లు. నీడ బాగుంటుందన్నాడు.
వేళ్లు చచ్చి కుళ్లాక
నీటికి మిగిలే దారుల సంగతి చెప్పాను.
మస్క్‌రాట్లు తవ్విన బుంగల్లో
నా చెయ్యి మోచేతిదాకా దూరింది.
తూము గొట్టానికి స్క్రూడ్రైవర్ ఆనిస్తే
టీలో నానిన బిస్కెట్‌లోకి దిగినట్టు దిగింది.
తూము తలుపు చివరిసారి ఎప్పుడు తెరిచారు?
"మా అమ్మ ఉన్నప్పుడు."
నా ఫారంలో ఆ జవాబుకు గడి లేదు.

నిండుకుండ తొణకదంటారు.
తొణకదు, నిజమే.
ఊరుతుంది.

కట్ట దిగువన, జమ్ము మొలిచిన చోట
చిటికెన వేలంత ధార.
ఆయనకది తెలుసు.
ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి, బూట్లు మార్చుకొని,
దాని కింద ఖాళీ ఊరగాయ సీసా పట్టి
నిండేదాకా గడియారం చూస్తాడు.
పడవల షెడ్డు కిటికీలో సీసాలు,
మూతల మీద పెన్సిల్‌తో తేదీలు, సెకన్లు.
ఒక్కొక్కటే వెలుగుకు పట్టి చూశాను.
మే, తేట. నలభై.
జూన్, తేట. ముప్ఫై తొమ్మిది.
జూలై తేటే, కానీ ఇరవై ఆరు.

ఆగస్టు సీసా కిటికీలో లేదు.
అడగలేదు నేను.
కాసేపు నిలబడి, నిలబడి,
గోనెసంచి కిందినుంచి తనే తీశాడు.
అడుగున గోరు మందాన గోధుమరంగు.
వాళ్ల నాన్న తొక్కించి తొక్కించి కుదించిన మట్టి
రేణువు రేణువుగా బయటికి నడిచొస్తోంది.

పాత ఫైల్లో ఈ కట్టకు ముప్పు: స్వల్పం.
తెగితే పోయేదేముంది,
ఒక కంచె, రెండెకరాల మొక్కజొన్న.
నాలుగేళ్ల కిందట దిగువన లవాన్ ప్రూయిట్
లారీ మీద రెండు గదుల ఇల్లు తెచ్చి దింపుకుంది.
ఆ రోజు కట్ట మీద గడ్డిపరక కదల్లేదు.
ముప్పు మాత్రం ఆ రోజే తీవ్రమైంది.
నీళ్ల దారిలోకి ఒక మంచం వచ్చింది,
మంచం మీదికి నిద్ర వచ్చింది.

బాగుచేయించడానికి ఎంతవుతుందో చెప్పాను.
పొలం అమ్మినా చాలదన్నాడు.
"పోనీ, తీసేస్తే?"
దానికీ డబ్బే.
అత్యవసరమైతే పిలవాల్సిన ఫోన్ల పట్టికలో
ఉన్నది ఒక్క నంబరు,
ఎప్పుడో మూగబోయిన ఆయన ల్యాండ్‌లైన్.

ఆమెకు చెప్పారా, అన్నాను.

ఆగస్టు సీసా చంకన పెట్టుకొని
వాలు దిగాడు, పక్కపక్కగా అడుగులేస్తూ.
లవాన్ గడ్డికోత మిషన్ బోర్లించి
బ్లేడుకు చిక్కిన తాడు కోస్తోంది.
"తాగడానికా?" అంది సీసా చూసి.
ఆయన దాన్ని ఒకసారి కుదిపాడు.
నీళ్లన్నీ మట్టిరంగు.
"మా కట్ట," అన్నాడు.
ఆమె తల ఎత్తి ఆ పచ్చటి వాలును చూసింది.
నాలుగేళ్లుగా కొండ అనుకుంటోందట.

శుక్రవారానికి కట్ట మీదుగా మూడు పైపులు వేసి
చెరువును నాలుగడుగులు దించాం.
తెప్ప బురదలో ఒక పక్కకు ఒరిగింది.
ఓర్విల్ ఆదివారం దాకా ఆగలేదు.
జమ్ము దగ్గర మోకాళ్ల మీద కూర్చొని
కొత్త సీసా పట్టాడు.
గడియారం లవాన్ చేతికిచ్చాడు.
ఆమె పైకే లెక్కపెట్టింది,
నలభై తొమ్మిది, యాభై,
యాభై ఒకటి.
ఇంకా నిండలేదు.